ఐదు పూటల ప్లాన్

ఆ ఆదివారం మధ్యాహ్నం మా బావ పప్పు గిన్నె ఎత్తి గోడకు కొట్టాడు. అది అక్క చెవి పక్కనుంచి దూసుకుపోయింది. స్టీలు గిన్నె గోడకు తగిలి, కింద పడి, గిరగిరా తిరిగి ఆగేదాకా ఎవరం కదల్లేదు. ఆగాక అక్క మెడ మీద పడ్డ వేడి పప్పును కొంగుతో తుడుచుకుంది. బావ తల్లి, నేను అత్తమ్మ అని పిలిచే ఆమె, పచ్చగా కారుతున్న గోడ వైపు చూసి, "రంగేసి నెల గూడ గాలే" అంది.

పప్పులో ఉప్పు తక్కువైందట. నేనూ అదే పప్పు తిన్నాను. ఉప్పు సరిగ్గానే ఉంది.

ఎల్‌బీ నగర్ చౌరస్తా వెనుక వాళ్ళది రెండంతస్తుల ఇల్లు. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల వాళ్ళకు జొన్న చేను ఉండేదని అత్తమ్మ చెబుతుంది. ఊరు పట్నంలో కలిశాక చేను ప్లాట్లయింది, బావ ప్లాట్లు అమ్మే మనిషయ్యాడు. బేరం కుదిరిన రోజు తాగేవాడు, చెడిన రోజూ తాగేవాడు. కొట్టడానికి మాత్రం తాగి ఉండాల్సిన పని లేదు. కొట్టిన రోజు సాయంత్రం ఏదో ఒకటి కొనేవాడు. ఆ ఇంట్లోకి ఫ్రిజ్ ఏ దెబ్బకు వచ్చిందో, వాషింగ్ మెషిన్ ఏ దెబ్బకు వచ్చిందో నేను చెప్పగలను. పెద్ద టీవీ వచ్చిన నెలంతా అక్క ఎడమ చెయ్యి మెడకు కట్టుకుని తిరిగింది.

ఆ రోజు టీ తాగుతూ ఫోన్ మా ముందుకు చాపాడు. విజయవాడ హైవే మీద, బాటసింగారం దాటాక లోపలికి ఒక రిసార్ట్. రెండు పగళ్ళు, ఒక రాత్రి.

"శనివారం పోయి ఐతారం ఒద్దాం. బిడ్డ పరీక్షలు గూడ అయినయి. నువ్వు గూడ రా మరదలా. ఎప్పుడు జూసినా గా మిషన్ మీద కూసునుడేనా?"

అక్క కూతురికి అప్పుడు పదేళ్ళు. "స్విమ్మింగ్ పూల్ ఉందా డాడీ?" అని ఎగిరింది. గోడ మీద పప్పు ఇంకా ఆరలేదు.

అక్క ఫోన్ తీసుకుని మెల్లగా చదివింది. గది అద్దె కింద ఇంకో మాట ఉంది: భోజనాల ప్లాన్. శనివారం మధ్యాహ్నం భోజనం, సాయంత్రం టిఫిను, రాత్రి భోజనం, ఆదివారం పొద్దున టిఫిను, మధ్యాహ్నం భోజనం. మొత్తం ఐదు పూటలు. అన్నీ బఫే. మనిషికి పంతొమ్మిది వందలు, పిల్లలకు సగం, డబ్బు ముందే కట్టాలి. కట్టనివాళ్ళు మెనూ చూసి ఆర్డర్ ఇచ్చుకోవచ్చు.

"గీ తిండి ప్లాన్ గూడ కడ్దామా?" అని అడిగింది అక్క.

ఆ ఇంట్లో అక్క నోరు తెరిచి ఒకటి కావాలని అడగడం నేను ఎన్నో ఏళ్ళుగా వినలేదు. బావకూ వింతగానే తోచినట్టుంది.

"ఎనిమిది వేలు దాటుతది. రూమ్ కంటె తిండికే ఎక్కువాయె. ఏం, నువ్వు గంత తింటవా?" అని నవ్వి, నా వైపు తిరిగాడు. "ఇగో, మన లైబ్రరీ మేడమ్ ఉంది గదా. ఆమెను లెక్క తియ్యనీ. కట్టుమంటె కడ్త, ఒద్దంటె ఒద్దు. ఇగ దానికి తిరుగు లేదు."

వెక్కిరింపుకే అన్నాడు. నేను మాత్రం నిజంగా తీసుకున్నాను.

నా చదువు పదో తరగతితో ఆగిపోయింది. దిల్‌సుఖ్‌నగర్‌లో, బస్సులు తిరిగే రోడ్డు వెనుక సందులో, ముందు సగం దుకాణం, వెనక సగం ఇల్లు అయిన ఒక గదిలో జాకెట్లు కుడతాను. పెళ్ళి చేసుకోలేదు. మధ్యాహ్నం గిరాకీ లేని వేళ నడిచి వెళ్ళేంత దూరంలో లైబ్రరీ ఉంది. అక్కడ తలుపు పక్క బీరువాతో మొదలుపెట్టి వరసగా చదువుకుంటూ పోయాను. కోళ్ళ పెంపకం, రాజ్యాంగం, కాకతీయుల చెరువులు, మూత్రపిండాలు, ఏది వస్తే అది. డిగ్రీలున్నవాళ్ళు కొలతలిస్తూ ఏదైనా తప్పు మాట్లాడితే సూది నోట్లో పెట్టుకునే సరిదిద్దేదాన్ని. అది నా గర్వం. ఇప్పటికీ ఉంది.

సోమవారం రిసార్ట్‌కు ఫోన్ చేశాను. ఎత్తినతను కోస్తా మనిషి.

"ప్లాన్ తీసుకోండి మేడమ్, మీకే లాభమండి. లేకపోతే ఆర్డరిచ్చి కూర్చోవాలి కదండీ."

"శనివారం రాత్రి ఏమేం పెడ్తరు?"

"చికెనుంటుందండి, మటనుంటుందండి, చేపల వేపుడుంటుందండి. ఎంత తిన్నా అడిగేవాళ్ళుండరండి."

"నీసు తిననివాళ్ళకు వేరే రేటుందా?"

"లేదండి. అందరికీ ఒకటే రేటండి."

దొరికాడు అనుకున్నాను.

ఎందుకంటే మా అక్క అత్తగారింట్లో శనివారం నీసు ముట్టరు. అత్తమ్మకైతే ఒక్కపొద్దు, పగలంతా పాలు, పండ్లు, రాత్రికి గుప్పెడు ఉప్మా. బావ శనివారం ముక్క ముట్టడు, మందు మాత్రం ముడతాడు. మందుకు వారాలు లేవన్నది ఆయన శాస్త్రం. తాగితే అన్నం కూడా అంతంత మాత్రమే. అంటే మటన్‌కు డబ్బు కట్టి పప్పు తినాలి. లైబ్రరీలో హోటల్ నడపడం నేర్చుకునేవాళ్ళ కోసం రాసిన పాఠ్యపుస్తకం ఒకటి ఉంది. రెండు మధ్యాహ్నాలు దానితో కూర్చున్నాను. బఫేలో కడుపు నింపేవి ముందు, ఖరీదైనవి చివర ఎందుకు పెడతారో, ముందే డబ్బు కట్టినవాడు తిన్నా తినకపోయినా యజమానికి ఎలా లాభమో అందులో వివరంగా ఉంది. చదువుతుంటే ఒళ్ళు పులకరించింది. నాలుగు పేజీల లెక్క రాశాను. ప్లాన్‌కు ఎనిమిది వేల ఐదువందల యాభై. ఇంటినుంచి ఒక పూటకు పులిహోర పట్టుకుపోయి, మిగతావి ఆర్డర్ ఇచ్చుకుంటే ఐదు వేలు దాటదు.

మంగళవారం అక్క దుకాణానికి వచ్చింది. కూరగాయల సంచి పక్కన పెట్టి, మిషన్ పక్క ముక్కాలిపీట మీద కూర్చుంది. మెడ మీద పప్పు పడిన చోట చర్మం బొబ్బ కట్టి, పగిలి, ఎర్రగా ఉంది.

"ఏం తేలింది?"

"నష్టమే అక్కా. మూడు వేల ఐదువందలు ఒట్టిగ పోతయి."

"జర మళ్ళ చూడు."

"మళ్ళ చూసినా అంతే. శనివారం మనోళ్ళు..."

"అది గాదు." సంచిలోంచి బయటికి వచ్చిన కొత్తిమీర కట్టను లోపలికి తోసింది. "బఫే అంటె ఎవ్వరిది వాళ్ళే పెట్టుకుంటరు గదా? మనం పెట్టుడు ఉండది గదా?"

"ఉండదు. అదే వాళ్ళ తెలివి. పెట్టే మనుషుల జీతాలు మిగుల్తయి. ఆ పుస్తకంల రాసిండు, తినేటోడే పనోడు అయితే..."

నేను ఆ పాఠమంతా చెప్పాను. అక్క విన్నది. మధ్యలో ఆపలేదు. అయిపోయాక లేచి, "నీ ఇష్టం. బాగ చదువుకున్నదానివి," అంది. అందులో ఎగతాళి లేదు. ఆమె నన్ను చూసి గర్వపడేది, నాకంటే ఎక్కువ.

బుధవారం సాయంత్రం వాళ్ళింట్లో నోటుబుక్కు తెరిచి లెక్క చదివాను. బావ తొడ చరిచాడు.

"అరె, శనివారం ముచ్చట నాకే యాదికి రాలే! మటన్‌కు పైసలు కట్టి పప్పు తినుడేంది?" అక్క తల వెనక అరచేత్తో ఒక్కటిచ్చాడు. మరీ గట్టిగా కాదు, మొహం ముందుకు ఊగేంత. "చూసినవా? చెల్లెకున్న బుద్ధిల పావొంతు లేదు నీకు. బఫే కావాల్నట బఫే!"

"నాకు ముందే ఎరుక," అంది అత్తమ్మ. "ఇంట్ల వండుకోని పోతె చేతులు పడిపోతయా?"

నేను నోటుబుక్కు మూసి సంచిలో పెట్టుకున్నాను. ఆ క్షణంలో నాకు సంతోషంగా ఉంది. అది రాయకపోతే ఇది రాసి లాభం లేదు.

శనివారం అక్క తెల్లవారకముందే లేచి పులిహోర కలిపింది, సర్వపిండి కాల్చింది, పెరుగన్నం డబ్బాకెత్తింది. పదకొండున్నరకు రిసార్ట్ చేరాం. గేటు దగ్గర బల్ల మీద ప్లాన్ కట్టినవాళ్ళ మణికట్లకు పసుపు రంగు కాగితం పట్టీలు చుడుతున్నారు. మా పిల్ల చెయ్యి చాపింది. బల్ల దగ్గరి అమ్మాయి మా బుకింగ్ కాగితం చూసి, "మీకు లేదు బంగారం," అంది.

మా గది ముందు చిన్న వరండా ఉంది. బావ ఈత కొలను పక్కన కూర్చుని మూడు బీర్లు తాగి, రెండు గంటలకు ఎర్రటి కళ్ళతో వచ్చాడు. అప్పటికి గాలిలో భోజనాల హాలు నుంచి వేపుళ్ళ వాసన వస్తోంది. అక్క కాగితం పళ్ళెంలో పులిహోర పెట్టి ఆయన ముందుంచింది.

"ఇదేంది?"

"పులిహోర."

"గది కనబడ్తుంది. గింత దూరమొచ్చి, గింత కిరాయి కట్టి, నేను ఇంటి సద్ది తినాల్నా?"

"నువ్వే గదా ప్లాన్ ఒద్దన్నవ్," అంది అక్క. అంతే అంది. గొంతు కూడా పెంచలేదు.

ఆయన ఒక చేత్తో ఆమె మెడ వెనుక పట్టుకున్నాడు. బొబ్బ పగిలిన చోటే పట్టుకున్నాడు. రెండో చేత్తో పళ్ళెం ఎత్తి ఆమె మొహానికి ఒత్తి రుద్దాడు. పిల్లాడి మొహానికి సబ్బు రాసినట్టు, గుండ్రంగా, తీరిగ్గా. మిరపకాయలు, పోపు, చింతపండు పులుపు అన్నీ కళ్ళలోకి పోయాయి. అక్క అరవలేదు, ఊపిరి కోసం నోరు తెరిచింది. ఆ నోట్లోకీ అన్నం తోశాడు. "తిను. నువ్వే తిను. మొత్తం తిను."

నేను ఆయన చెయ్యి పట్టుకుని లాగాను. ఒక్క విదిలింపుకు వెళ్ళి తలుపు చట్రానికి తగిలాను. భుజం మొద్దుబారిపోయింది.

"లెక్క తీసింది నువ్వే గదనే!" అని నా మీద అరిచాడు. "నువ్వు మాట్లాడకు."

పిల్ల గదిలోకి పరుగెత్తి మంచం పక్కన దాక్కుంది. అత్తమ్మ చేతిలోని అరటిపండు సగం ఒలిచినట్టే ఉంది. అటుగా వచ్చిన కాపలా మనిషి ఒకసారి మావైపు చూసి, బావకు సలాం కొట్టి, అదే నడకతో ముందుకెళ్ళిపోయాడు.

అక్క కళ్ళు కడుగుతూ చాలాసేపు కుళాయి దగ్గర నిలబడింది. సాయంత్రం బావ అందరికీ మిర్చి బజ్జీలు తెప్పించాడు, పిల్లకు నీళ్ళలో తేలే రబ్బరు బాతు కొన్నాడు. రాత్రి ఆర్డర్ ఇచ్చిన అన్నం గంట తర్వాత గదికే వచ్చింది. అప్పటికి ఆయన నిద్రపోయాడు. ఆ ఒక్క పూట మేం నెమ్మదిగా తిన్నాం.

ఆదివారం పొద్దున టిఫిను కోసం హాలుకు వెళ్ళాం. పెద్ద హాలు, మధ్యలో పొడుగాటి బల్లల మీద మూతలున్న పాత్రలు, చివర దోసెల పెనం. పసుపు పట్టీల వాళ్ళు పళ్ళేలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. మేం మూల బల్ల దగ్గర కూర్చుని ఇడ్లీ, పూరీ, దోసె చెప్పాం. ఇరవై నిమిషాలైనా ఏదీ రాలేదు. బావకు తలనొప్పి. వేళ్ళతో బల్ల మీద కొడుతూ, వడ్డించే అతన్ని పిలిచాడు.

"ఏమైందిర మాది?"

"ప్లాన్ వాళ్ళ రష్ ఉంది సార్. వాళ్ళది అయినంక ఇస్తం."

"గాడ ఇడ్లీలు కనబడ్తున్నయి గదా?"

"అవి బఫేవి సార్."

బావ లేచి నేరుగా బఫే దగ్గరికి వెళ్ళి పళ్ళెం తీసుకున్నాడు. రెండు ఇడ్లీలు పెట్టుకున్నాడు. నీలం కోటు వేసుకున్న ఒకతను పరుగున వచ్చి, చాలా మర్యాదగా, ఆయన మణికట్టు వైపు చూపించి ఏదో చెప్పాడు. ఆ పళ్ళెం ఆయన చేతిలోంచి తీసుకున్నాడు. వరసలో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. ఎవరో నవ్వారు. మా బావ లాంటి మనిషి, పది ఎకరాల బేరం నిలబడి మాట్లాడే మనిషి, రెండు ఇడ్లీలు పట్టుకుని నిలబడిన మొహం నాకు ఇప్పటికీ కళ్ళ ముందుంది. ఆ మొహం చూడగానే ఏం జరగబోతోందో నాకు తెలిసింది. అక్కకు నాకంటే ముందే తెలిసింది. కుర్చీలో కొంచెం వెనక్కి జరిగింది.

సరిగ్గా అప్పుడే మా ఇడ్లీలు వచ్చాయి. చల్లారిపోయి ఉన్నాయి. బావ వచ్చి కూర్చున్నాడు. అక్క అలవాటుగా చెంచా తీసుకుని, ఇడ్లీ ఎత్తి ఆయన పళ్ళెంలో పెట్టింది.

బల్ల మీద నీళ్ళ జగ్గు ఉంది. స్టీలుది, బరువైనది, నిండుగా ఉంది. దాని పిడి పట్టుకుని అడ్డంగా కొట్టాడు. అది అక్క కనుబొమ్మకు తగిలిన చప్పుడు గిన్నె గోడకు తగిలిన చప్పుడులా లేదు. తడిగా, చిన్నగా ఉంది. నీళ్ళు ముందు వచ్చాయి, తర్వాత రక్తం. అక్క కుర్చీతో సహా పక్కకు పడింది. ఆయన లేచి పడిన మనిషి నడుము మీద తన్నాడు, ఒకసారి, రెండుసార్లు. "పెట్టు! ఇంకా పెట్టు! చల్లటియి పెట్టు!" అని ప్రతి తన్నుకూ ఒక మాట.

నేను ఆయన కాలు మీద పడ్డాను. నా వీపు మీద కూడా ఒకటి పడింది. నీలం కోటతను దూరం నుంచే చేతులూపాడు. "సార్, సార్, ఇక్కడ ఫ్యామిలీలున్నాయండి."

"నాది గూడ ఫ్యామిలీనే!" అని అరిచాడు బావ.

దోసెల దగ్గర వరస ఒక్క నిమిషం ఆగింది. ఒకామె చట్నీ గరిటె గాలిలోనే పట్టుకుని నిలబడింది. తర్వాత పెనం మీద పిండి పోసిన చప్పుడైంది. వరస ఒక అడుగు ముందుకు జరిగింది.

అక్కను లేపి ఆడవాళ్ళ బాత్‌రూమ్‌కు తీసుకెళ్ళాను. తువ్వాలు మడిచి కనుబొమ్మ మీద ఒత్తి పట్టుకున్నాను. నెత్తురు ఆగడం లేదు. గాయం మీద ఎంత గట్టిగా ఒత్తాలో, ఎంతసేపు ఒత్తాలో నాకు తెలుసు. అదీ చదివాను. అయినా తువ్వాలు రెండుసార్లు జారిపోయింది.

"అందుకే అడిగిన," అంది అక్క.

"ఏం అడిగినవ్?"

"గా ప్లాన్." నెత్తురు కంట్లోకి పోకుండా తల ఒక పక్కకు వంచింది. "రోజుకు మూడుసార్లు పెడ్త ఆయనకు. పెట్టేటప్పుడే నాకు భయం. చెంచ చేతిల పట్టుకుంటనే ఆయన చెయ్యి దిక్కు చూస్త. ఇప్పటిదాంక నన్ను కొట్టినయన్ని యాదికి తెచ్చుకో. ఎప్పుడు? అన్నం కాడ్నే గదా? గా ఐదు పూటలు ఎవ్వని పళ్ళెం వాడు తెచ్చుకుంటడు, నా చేతిల చెంచ ఉండది అనుకున్న. గంతే."

నేను గుర్తు తెచ్చుకున్నాను. చెయ్యి విరిగింది జొన్న రొట్టె మాడినప్పుడు. పన్ను ఊడింది పెరుగు పులిసినప్పుడు. అన్నీ నాకు తెలుసు. ఏ సామాను ఏ దెబ్బకు వచ్చిందో తెలుసు. ప్రతి దెబ్బకూ ముందు ఒక పళ్ళెం ఉందన్నది మాత్రం ఇన్నేళ్ళలో గమనించలేదు.

"చెప్పకపోతివి అక్కా."

"చెప్పిన గదా. నీ మిషన్ కాడికి ఒచ్చి చెప్పిన."

నేను తువ్వాలు మడత మార్చి మళ్ళీ ఒత్తాను. మాట్లాడితే మళ్ళీ పాఠంలాగే ఉండేది.

బయటికి వచ్చి పిల్ల చెయ్యి పట్టుకున్నాను. "పిల్లనేడికి తీస్కపోతున్నవ్?" అంది అత్తమ్మ. ముగ్గురం గేటు వైపు నడిచాం. బావ హాలు మెట్ల మీద కూర్చుని సిగరెట్ ముట్టించాడు, మావైపు చూడలేదు. బిల్లు ఆయనే కట్టుకున్నాడు. తిండికి మొత్తం నాలుగు వేల చిల్లర అయిందని తర్వాత తెలిసింది. నా లెక్కకంటే తక్కువే.

హైవే మీద ఆటో దొరికింది. మామిడికాయల లారీల మధ్య నుంచి పోతుంటే ప్రతి కుదుపుకూ అక్క నడుము పట్టుకుని మూలిగింది. దారిలో ఒక ప్రైవేటు దవాఖానలో ఆరు కుట్లు వేశారు. ఎలా తగిలిందని డాక్టరమ్మ అడిగింది. "కొలను కాడ కాలు జారింది," అని అక్క మొదలుపెట్టింది.

"నీళ్ళ జగ్గుతో కొట్టిండు," అన్నాను నేను. "వాళ్ళాయన. అట్లనే రాయండి."

అక్క నా వైపు చూసింది. కోపంగానే చూసింది. కానీ కాదనలేదు. డాక్టరమ్మ రాసింది.

ఎల్‌బీ నగర్‌లో ఆటో ఆగితే, ఇంటికి పోయే సందు అక్కడినుంచి అక్కకు కనబడుతూనే ఉంది. కాసేపు అటు చూసి, నాతో మెట్రో మెట్లెక్కింది. దిల్‌సుఖ్‌నగర్‌లో దిగేదాకా పిల్ల రబ్బరు బాతును ఒళ్ళో పెట్టుకుని దాని గాలి తీస్తూ కూర్చుంది.

సోమవారం మధ్యాహ్నం బావ వచ్చాడు. అక్క కట్టు కట్టిన మొహంతో గచ్చు మీద కూర్చుని జాకెట్లకు హుక్కులు కుడుతోంది. ఆయన చెప్పులు బయట విడిచి, లోపలికి వచ్చి, చాప మీద కూర్చున్నాడు. పక్కన కొత్త ఫోన్ డబ్బా పెట్టాడు.

"ఆకలైతుంది. అన్నం పెట్టు. తిని పోదాం."

అక్క సూదిలో దారం తెంపింది. "గిన్నె గాడుంది. పళ్ళెం గాడుంది. పెట్టుకో."

"ఏమన్నవ్?"

"పెట్టుకో అన్న."

ఆమె తల ఎత్తి ఆయన వైపు చూసింది. కానీ లేవలేదు. ఆయన లేచి ఆమె జుట్టు పట్టుకుని పైకి లాగాడు. కుట్ల మీద కట్టు ఎర్రబడింది. గుడ్డ కొలిచే కర్ర నా చేతికి అందింది. దానితో ఆయన ముంజేతి మీద కొట్టాను. ఒకసారి కాదు, జుట్టు వదిలేదాకా కొట్టాను. మూడో దెబ్బకు కర్ర విరిగింది. విరిగిన ముక్కతోనూ కొట్టాను. మనిషిని కొడితే చేతికి ఎలా ఉంటుందో ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఆయన తిప్పి నా చెవి మీద కొట్టాడు. లోకమంతా ఒక ఈల చప్పుడైపోయింది. ఆ చెవి ఇప్పటికీ సరిగ్గా వినపడదు.

సందులో జనం గుమిగూడారు. ఎదురుగా పండ్లు అమ్మే ఆమె తరాజు చేత్తో పట్టుకునే గడప దాకా వచ్చింది. "ఏందయ్యా, ఆడోళ్ళ మీదనా నీ బలం? బయటికి రా, మేం గూడ చూస్తం," అంది.

బావ అందరినీ చూశాడు. అన్నం గిన్నెను కాలితో తన్నాడు. తలుపు దాటుతూ, "నీ చదువే నా ఇల్లు ముంచింది," అన్నాడు నాతో. అన్నం మిషన్ కింద దాకా చెదిరింది. అక్క దాన్ని ఎత్తలేదు. మిగిలిన హుక్కులు కుట్టింది. చీకటి పడకముందు నేను ఊడ్చాను.

డాక్టరమ్మ రాసిన కాగితంతో పోలీస్ స్టేషన్‌కు వెళ్ళాం. సర్దుకోండని రెండుసార్లు వెనక్కి పంపారు. మూడోసారి కేసు రాసుకున్నారు. ఆ తర్వాత ఆయన రెండుసార్లు వచ్చి తలుపు బాదాడు, ఒకసారి కిటికీ అద్దం పగలగొట్టాడు. మళ్ళీ వస్తాడు. అక్కకు ఆ సంగతి తెలుసు, అందుకే తలుపు గడియ తనే రెండుసార్లు చూసుకుంటుంది.

మా గదిలో ఎవరూ ఎవరికీ అన్నం పెట్టరు. గిన్నె మధ్యలో ఉంటుంది, ఎవరిది వాళ్ళు పెట్టుకుంటాం. నేను పెట్టబోయినా అక్క పళ్ళెం పక్కకు జరుపుకుంటుంది.

మొన్నొక ఆదివారం కోడికూర వండుకున్నాం. పిల్ల సంబరంగా గరిటె తీసుకుని, "ఇయ్యాల నేను పెడ్త అందరికీ. ముందుగాల అమ్మకు, మళ్ళ చిన్నమ్మకు," అంది. కూర ఎత్తి అక్క పళ్ళెం వైపు చాపింది. అక్క ఆ చేతి మీద ఫట్టున కొట్టింది. గరిటె ఎగిరి గచ్చు మీద పడింది. అక్క పిల్లను కొట్టడం అదే మొదటిసారి. పిల్ల వేళ్ళ మీద ఎర్రగా తేలింది. ముగ్గురం ఆ గరిటె వైపే చూస్తూ కూర్చున్నాం. అక్క కొట్టిన చేతిని ఒళ్ళో దాచుకుంది.

తర్వాత పిల్ల ఏడుస్తూనే గరిటె కడిగి తెచ్చి, తన పళ్ళెంలో తనే పెట్టుకుంది.